ఒకే చర్చ, రెండు లెక్కలు: టీవీ సంవాదాల్లో పక్షపాతాన్ని దేనితో కొలవాలి?

సంక్షిప్తంగా

2024 సెప్టెంబరులో అమెరికా అధ్యక్ష అభ్యర్థుల టీవీ చర్చ చుట్టూ రేగిన పక్షపాత వివాదం చివరికి ఆ దేశ ప్రసార నియంత్రణ సంస్థ దాకా వెళ్లింది. మాట్లాడిన సమయం లెక్కన చూస్తే ఒక అభ్యర్థికి, అభ్యర్థుల తప్పు మాటలకు సంధానకర్తలు చెప్పిన దిద్దుబాట్ల లెక్కన చూస్తే మరొకరికి మొగ్గు కనిపించడమే దానికి మూలం. సంధానకర్త నోటి మాట అందరి కంటా పడుతుంది. ఫలితాన్ని అంతకంటే ఎక్కువగా మలిచేవి చర్చకు ముందు కుదిరే షరతులు, చర్చ ముగిశాక వచ్చే వార్తలు. నాయకుల ముఖాముఖి అలవాటే లేని భారత్‌లో ఈ సమస్య వేరే రూపంలో ఉంది.

ఫిలడెల్ఫియాలో ఆ 90 నిమిషాలు

2024 సెప్టెంబరు 10 రాత్రి ఫిలడెల్ఫియాలోని జాతీయ రాజ్యాంగ కేంద్రంలో కమలా హారిస్, డొనాల్డ్ ట్రంప్ ఒకే వేదికపై నిలబడ్డారు. నిర్వహణ ఏబీసీ న్యూస్‌ది. సంధానకర్తలు డేవిడ్ మ్యూర్, లిన్సే డేవిస్. హాల్లో ప్రేక్షకులు లేరు. ఒకరి వంతు నడుస్తుండగా రెండో వారి మైకు ఆపివేయాలన్నది నిబంధన. దాదాపు 6.7 కోట్ల మంది ఆ చర్చను టీవీలో చూశారు.

గర్భస్రావం అంశం వచ్చినప్పుడు, కొన్నిచోట్ల పుట్టిన బిడ్డను సైతం చంపడానికి అనుమతి ఉన్నట్టు ట్రంప్ మాట్లాడారు. ఆయన ముగించగానే, పుట్టిన తర్వాత బిడ్డను చంపడం దేశంలో ఏ రాష్ట్రంలోనూ చట్టబద్ధం కాదని డేవిస్ ఒక్క వాక్యంలో చెప్పి హారిస్ వైపు తిరిగారు. కాసేపటికి ఒహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పేరు వచ్చింది. అక్కడికి వలస వచ్చినవారు స్థానికుల కుక్కలను, పిల్లులను తింటున్నారని ట్రంప్ ఆరోపించారు. తమ సంస్థ ఆ నగర మేనేజరును సంప్రదించిందని, అలాంటి ఘటనలపై నమ్మదగిన సమాచారమేదీ లేదని తెలిసిందని మ్యూర్ అన్నారు. టీవీలో జనం చెబుతుండగా చూశానని ట్రంప్ బదులిచ్చారు. నేరాల గణాంకాలు, 2020 ఎన్నికల ఫలితం విషయాల్లోనూ మ్యూర్ ఆయన మాటకు అడ్డు తగిలారు. మొత్తం మీద, లెక్కించే తీరును బట్టి, నాలుగైదు దిద్దుబాట్లు జరిగాయి. అన్నీ ట్రంప్ మాటలకే.

అదే రాత్రి హారిస్ ఒక మాట అన్నారు: ప్రపంచంలో ఏ యుద్ధ క్షేత్రంలోనూ అమెరికా సైనికులు విధుల్లో లేరని, ఈ శతాబ్దంలో ఇదే మొదటిసారని. అప్పటికి ఇరాక్, సిరియాలలో అమెరికా బలగాలు ఉన్నాయి. అదే ఏడాది జనవరిలో జోర్డాన్‌లోని స్థావరంపై జరిగిన డ్రోన్ దాడిలో ముగ్గురు అమెరికా సైనికులు చనిపోయారు. అధికారికంగా ప్రకటించిన యుద్ధం లేదన్న సాంకేతిక అర్థంలో ఆ వాక్యాన్ని సమర్థించవచ్చు గానీ, వినేవారికి అందే అర్థం అది కాదు. నిజ నిర్ధారణ చేసే పాత్రికేయులు ఈ సంగతి తర్వాత రాశారు. వేదిక మీద మాత్రం ఎవరూ ఆమెను ఆపలేదు.

ఇక గడియారం సంగతి. టీవీ సంస్థలు, పత్రికలు కట్టిన లెక్కల ప్రకారం ట్రంప్ సుమారు 43 నిమిషాలు మాట్లాడారు, హారిస్ 37 నిమిషాల పైచిలుకు. అంటే అయిదు నిమిషాలకు పైగా తేడా. ఆపివేయాల్సిన మైకును సంధానకర్తలు పలుమార్లు తెరిచి ఆయనకు తిరుగు జవాబుకు వీలిచ్చారు. చర్చ ముగిశాక ట్రంప్, ముగ్గురు కలిసి ఒక్కరి మీద పడ్డారన్న అర్థంలో ఫిర్యాదు చేశారు. హారిస్ పక్షం వారు సమయం లెక్క చూపించారు. ఇద్దరి చేతుల్లో ఉన్న అంకెలూ నిజమైనవే.

సమానత్వం ఒకటి కాదు, రెండు

ఈ వాదన ఎందుకు తెగదో చూడాలంటే, ‘న్యాయంగా నడపడం’ అన్నప్పుడు జనం మనసులో రెండు వేర్వేరు కొలతలు ఉంటాయని గుర్తించాలి. మొదటిది సమాన వాటా: సమాన సమయం, సమాన సంఖ్యలో ప్రశ్నలు, సమాన అంతరాయాలు. దీన్ని గడియారంతో, వేళ్లతో లెక్కించవచ్చు. రెండోది సమాన ప్రమాణం: ఎవరు ఏ స్థాయి అబద్ధమాడినా ఒకే గీటురాయి. ఈ రెండో కొలత పాటిస్తే ఫలితం సమానంగా వస్తుందన్న హామీ లేదు. ఒకరు పది తప్పులు, మరొకరు రెండు తప్పులు చెబితే, నిష్పక్షపాతంగా సరిదిద్దిన వ్యక్తి మొదటి వారిని పదిసార్లు, రెండో వారిని రెండుసార్లు ఆపుతారు. బయటి నుంచి చూసేవారికి అది అయిదింతల పక్షపాతంలా కనిపిస్తుంది.

దీని తిరగేసిన చిత్రం అదే ఏడాది జూన్ 27న అట్లాంటాలో కనిపించింది. జో బైడెన్, ట్రంప్ చర్చను నడిపిన సీఎన్ఎన్ సంధానకర్తలు జేక్ టాపర్, డానా బాష్ వేదిక మీద ఎవరినీ సరిదిద్దలేదు. ప్రశ్న వేయడం, సమయం చూడటం, జవాబు దాటవేస్తే ప్రశ్న మళ్లీ అడగడం వరకే పరిమితమయ్యారు. చర్చ అయ్యాక అదే చానల్ నిజ నిర్ధారణ పాత్రికేయుడు డేనియల్ డేల్, ట్రంప్ కనీసం 30, బైడెన్ కనీసం 9 తప్పుడు లేదా తప్పుదోవ పట్టించే మాటలు చెప్పారని తేల్చారు. అంత జాబితా దగ్గర పెట్టుకుని ప్రసారంలో మౌనంగా ఉండటమేమిటని ఈసారి డెమోక్రాట్ అభిమానులు మండిపడ్డారు. సరిదిద్దితే ఒక పక్షానికి కోపం, సరిదిద్దకపోతే మరో పక్షానికి. మౌనం తటస్థత అవుతుందన్న నమ్మకానికి కూడా ఇక్కడే గండి పడింది: అబద్ధం ఎక్కువగా చెప్పేవారికి మౌనం ఎక్కువ లాభం.

అయితే ఫిలడెల్ఫియా విషయంలో విమర్శకుల వాదనలో పస ఉన్న భాగం ఒకటుంది. ప్రమాణం సమానమే అయితే, సైనికుల గురించి హారిస్ అన్న మాటకూ ఒక వాక్యం దిద్దుబాటు దక్కాలి. పెంపుడు జంతువుల కథకు, ఈ మాటకు తూకం ఒకటి కాదు. కానీ గీటురాయి తీసి ఒకరి మీద నాలుగైదుసార్లు వాడి, రెండో వారి మీద ఒక్కసారీ వాడకపోతే, పెద్ద తప్పులనే ఎంచుకున్నామన్న సమాధానాన్ని వీక్షకుడు నమ్మాల్సిన పనిలేదు. ఏ తప్పులు దిద్దదగ్గవన్న నియమాన్ని ముందే ప్రకటించి ఉంటే ఈ పేచీ కొంత తగ్గేది.

అప్పటికప్పుడు దిద్దడంలో ఉన్న చిక్కు

ప్రత్యక్ష ప్రసారంలో సరిదిద్దడానికి సంధానకర్తకు చిక్కేది కొన్ని సెకన్లు. రాజకీయ నాయకులు చెప్పే తప్పుల్లో అధిక భాగం పూర్తి అబద్ధాలు కావు. సగం నిజాలు, సందర్భం తీసేసిన అంకెలు. వాటిని ఒక్క వాక్యంలో సరిచేయబోతే ఆ వాక్యం కూడా సగం నిజంగానే మిగిలే ప్రమాదం ఉంది.

2012 అక్టోబరు 16న హాఫ్‌స్ట్రా విశ్వవిద్యాలయంలో జరిగిన అధ్యక్షుడు ఒబామా, ఆయన ప్రత్యర్థి రామ్నీల రెండో చర్చ దీనికి పాఠ్యపుస్తకం లాంటి ఉదాహరణ. లిబియాలోని బెంఘాజీలో అమెరికా దౌత్య కార్యాలయంపై జరిగిన దాడిని ఉగ్రవాద చర్య అనడానికి అధ్యక్షుడికి 14 రోజులు పట్టిందని మిట్ రామ్నీ నొక్కి చెప్పారు. ప్రసంగ పాఠం తెప్పించి చూడమన్నారు ఒబామా. సంధానకర్త క్యాండీ క్రౌలీ కలగజేసుకుని, అధ్యక్షుడు ఆ మాట అన్నారని రామ్నీకి చెప్పారు. ఆ మాటను కాస్త గట్టిగా చెప్పమని ఒబామా ఆమెను కోరారు. హాల్లో చప్పట్లు మోగాయి.

అసలు పాఠంలో ఉన్నదేమిటి? దాడి మర్నాడు, సెప్టెంబరు 12న, శ్వేతసౌధం ఉద్యానవనంలో మాట్లాడుతూ ఒబామా, ఏ ఉగ్రవాద చర్యలూ ఈ దేశ సంకల్పాన్ని కదిలించలేవన్న అర్థంలో ఒక వాక్యం అన్నారు. అది బెంఘాజీ దాడి గురించేనా, సాధారణంగా అన్నదా అన్నది వ్యాకరణం తేల్చలేని సంగతి. పైగా, ఆ దాడి ఒక ఇస్లాం వ్యతిరేక వీడియో వల్ల రేగిన నిరసన అన్న కథనం చాలా రోజులు నడిచిందన్న రామ్నీ మాట సరైనదేనని క్రౌలీ వెనువెంటనే అన్నారు కూడా. ఆ రెండో సగం చప్పట్లలో కొట్టుకుపోయింది. మర్నాటి క్లిప్పులలో మొదటి సగమే తిరిగింది. ఆమె అన్న ప్రతి మాటనూ విడిగా సమర్థించవచ్చు. అయినా ఆ ఘట్టం ఒక అభ్యర్థి చేతికి ఆయుధంగా మారింది.

గణాంకాలతో ఇంకో తంటా ఉంది. హింసాత్మక నేరాలు తగ్గుతున్నాయని ఎఫ్‌బీఐ చెబుతోందని ఫిలడెల్ఫియాలో మ్యూర్ అన్నారు. ఎఫ్‌బీఐ అంకెలే మోసమని ట్రంప్ కొట్టిపారేశారు. రెండు వారాల్లో వెలువడిన 2023 వార్షిక నివేదిక తగ్గుదలనే చూపింది, కాబట్టి మ్యూర్ మాట నిలబడింది. కానీ 2022కు మొదట తగ్గుదలగా చూపిన అంకెను అదే సంస్థ సవరించగా అది పెరుగుదలగా మారిందన్న విషయం కొద్ది వారాలకే బయటపడింది. విమర్శకులకు అంతకంటే కావలసింది ఏముంది? గణాంకాలు మారుతూ ఉంటాయి, ప్రసారంలో పలికిన వాక్యం మాత్రం మారదు.

అక్టోబరు 1న ఉపాధ్యక్ష అభ్యర్థుల చర్చకు సీబీఎస్ ఒక మధ్యేమార్గం వెతికింది. సరిదిద్దే భారం అభ్యర్థులదేనని, వివరాలు కావలసినవారు తెరపై కనిపించే క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేసి చూసుకోవచ్చని ముందే ప్రకటించింది. ఆ నియమం మొదటి గంటలోనే బీటలు వారింది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని హైతీ వలసదారుల్లో పెద్ద సంఖ్యలో వారికి చట్టబద్ధ హోదా ఉందని సంధానకర్త మార్గరెట్ బ్రెనన్ స్పష్టత ఇచ్చారు. నిజ నిర్ధారణ చేయరాదన్నది కదా నిబంధన అని రిపబ్లికన్ అభ్యర్థి జె.డి.వాన్స్ అభ్యంతరం చెబుతూ వాదన కొనసాగించారు. కాసేపటికి మైకులు ఆపేశారు. వాన్స్ భార్య ఉష కుటుంబ మూలాలు ఆంధ్రప్రదేశ్‌లో ఉండటంతో ఆ చర్చను తెలుగు వార్తా చానళ్లు కూడా ఆసక్తిగా చూపించాయి. ఇక్కడ చర్చనీయాంశమైంది మాత్రం ఆయన బంధుత్వమే. మైకు ఎందుకు ఆగిందన్న సంగతి జోలికి వెళ్లింది తక్కువ. బ్రెనన్ చెప్పిన వాస్తవం సరైనదే, వాన్స్ గుర్తుచేసిన నిబంధనా ఉన్నదే. నియమం పెట్టిన సంస్థే దాన్ని సడలిస్తే, నిజం చెప్పినా పక్షపాత ముద్ర తప్పదు.

వేదిక ఎక్కకముందే తేలిపోయేవి

వీక్షకుల దృష్టి సంధానకర్త మీద ఉంటుంది. అసలు బేరాలు జరిగేది అంతకు ముందు. ఎవరిని పిలవాలి, ఎవరు ప్రశ్నించాలి, ఎక్కడ నిలబడాలి, మైకులు ఎప్పుడు ఆపాలి, ప్రేక్షకులు ఉండాలా వద్దా అన్నవి నెలల తరబడి ప్రచార బృందాలు తేల్చుకునే విషయాలు.

ఎవరిని పిలవాలన్నదే అన్నిటికంటే పెద్ద ప్రశ్న. అమెరికా సమాచార చట్టం 1934లోని 315వ సెక్షన్ ప్రకారం, ఒక ప్రసార కేంద్రం ఒక అభ్యర్థికి అవకాశమిస్తే అదే పదవికి పోటీపడే మిగతా అర్హులందరికీ సమాన అవకాశం ఇవ్వాలి. ఆ లెక్కన చిన్నాచితకా అభ్యర్థులంతా చర్చలో ఉండాల్సిందే. 1960లో కెనడీ, నిక్సన్ చర్చల కోసం అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఆ నిబంధనను తాత్కాలికంగా పక్కన పెట్టింది. ఆ తర్వాత మూడు ఎన్నికల్లో అసలు చర్చలే లేవు. ప్రసార సంస్థ కాకుండా మరొకరు నిర్వహిస్తే చర్చ ఒక వార్తా సంఘటన కిందికి వస్తుందని 1975లో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ తేల్చడంతో, మరుసటి ఏడాది నుంచి మహిళా ఓటర్ల సంఘం నిర్వహణ చేపట్టింది. 1983లో ప్రసార సంస్థలకే ఆ వెసులుబాటు దక్కింది.

మహిళా ఓటర్ల సంఘం 1980లో స్వతంత్ర అభ్యర్థి జాన్ ఆండర్సన్‌ను పిలిస్తే అధ్యక్షుడు కార్టర్ రానన్నారు. 1988లో రెండు ప్రచార బృందాలు తమలో తాము రాసుకున్న షరతుల పత్రాన్ని ముందు పెట్టినప్పుడు, ఓటరును మోసగించే పనిలో భాగం కాబోమని ఆ సంఘం తప్పుకుంది. దాని స్థానంలోకి వచ్చిన అధ్యక్ష చర్చల కమిషన్‌ను 1987లో స్థాపించింది రెండు పెద్ద పార్టీల అప్పటి అధ్యక్షులే. 1992లో రాస్ పెరో చర్చల్లో పాల్గొని దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకున్నారు. 1996లో ఆయనకు పిలుపు లేదు. 2000 నుంచి జాతీయ సర్వేల్లో సగటున 15 శాతం మద్దతు ఉంటేనే ప్రవేశమన్న నియమం వచ్చింది. 2024లో సీఎన్ఎన్ కూడా నాలుగు సర్వేల్లో 15 శాతం అనే గీత పెట్టింది. రాబర్ట్ కెనెడీ జూనియర్ దాన్ని దాటలేక ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేశారు. చర్చలో కనిపిస్తేనే మద్దతు పెరుగుతుంది, మద్దతు పెరిగితేనే చర్చలో చోటు. ఏ సంధానకర్త చేసే పక్షపాతం కంటే కూడా ఇది లోతైనది. అయినా రెండు పెద్ద పార్టీల అభిమానులూ దీన్ని పక్షపాతం జాబితాలో చేర్చరు.

ప్రశ్నలు ముందే చేరవేయడం వంటి సూటి అక్రమాలు అరుదు గానీ లేకపోలేదు. 2016 డెమోక్రాట్ ప్రాథమిక పోరులో, సీఎన్ఎన్ వ్యాఖ్యాతగా ఉన్న పార్టీ నాయకురాలు డోనా బ్రజిల్, అడగబోయే ప్రశ్నల ఆనవాళ్లను హిల్లరీ క్లింటన్ బృందానికి పంపినట్టు బయటపడిన ఈమెయిళ్లలో తేలింది. చానల్ ఆమెతో తెగతెంపులు చేసుకుంది. ఆ పద్ధతికి రెండో పక్షంలోనూ పూర్వీకులున్నారు. 1980లో పత్రికా రచయిత జార్జ్ విల్ రిపబ్లికన్ అభ్యర్థి రేగన్‌ను చర్చకు సిద్ధం చేయడంలో సాయపడి, చర్చ తర్వాత టీవీలో కూర్చుని రేగన్ ప్రదర్శనను మెచ్చుకున్నారు. తాను శిక్షణ ఇచ్చిన సంగతి వీక్షకులకు చెప్పలేదు.

మర్నాటి వార్తల బలం

చర్చను పూర్తిగా చూసేవారి కంటే దాని గురించి వినేవారే ఎక్కువ. చూసినవారు సైతం తమ అభిప్రాయాన్ని మర్నాడు మార్చుకుంటారనడానికి 1976 అక్టోబరు 6 నాటి శాన్ ఫ్రాన్సిస్కో చర్చ సాక్ష్యం. తూర్పు ఐరోపాపై సోవియట్ ఆధిపత్యం లేదని అధ్యక్షుడు ఫోర్డ్ అన్నారు. నమ్మలేక, న్యూయార్క్ టైమ్స్ పాత్రికేయుడు మ్యాక్స్ ఫ్రాంకెల్ మళ్లీ అడిగారు. ఫోర్డ్ అదే మాట మీద నిలబడ్డారు. ఆశ్చర్యమేమిటంటే, ఆ రాత్రి వెంటనే జరిపిన సర్వేల్లో ఫోర్డ్‌దే పైచేయి. మర్నాడు పత్రికలు, టీవీలు ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకుని రోజంతా తిప్పాక అడిగితే, ప్రత్యర్థి కార్టర్ భారీ తేడాతో గెలిచారన్న జవాబు వచ్చింది. చర్చ మారలేదు, చూసిన జనం మారలేదు.

దీన్ని మీడియా కుట్రగా చదవడం తేలిక. ఫోర్డ్ మాట నిజంగానే పెద్ద తప్పు, దాన్ని జనం దృష్టికి తేవడం పాత్రికేయుల పనే. సమస్య ఎంపికలో ఉంది. 90 నిమిషాల్లోంచి 20 సెకన్లు ఏరినప్పుడు, ఏ 20 సెకన్లు అన్న నిర్ణయమే తీర్పు అవుతుంది. విధానాల మీద జరిగిన వాదన ఆ ఏరివేతలో మిగలదు. తడబాటు, వెటకారం, ముఖం చిట్లించడం మిగులుతాయి. ఇప్పుడు ఆ ఏరివేత న్యూస్ రూములో కూడా జరగడం లేదు. ప్రచార బృందాలు చర్చ నడుస్తుండగానే క్లిప్పులు కత్తిరించి వదులుతున్నాయి. అవి వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేసరికి ప్రశ్న పోయి జవాబు మాత్రమే మిగులుతోంది. అమెరికాలోని తెలుగు కుటుంబాల గ్రూపులకైనా, గుంటూరు, వరంగల్ గ్రూపులకైనా ఈ విషయంలో తేడా లేదు.

ఎవరు గెలిచారన్న ఆటల భాష కూడా పక్షపాతంలో ఒక రకమే, కాకపోతే అది ఏ పార్టీ వైపూ మొగ్గదు. తేలిగ్గా చెప్పగలిగే కథ వైపు మొగ్గుతుంది. 1960లో రేడియో విన్నవారు నిక్సన్ గెలిచారనుకున్నారని, టీవీ చూసినవారు కెనడీ గెలిచారనుకున్నారని ఇప్పటికీ వ్యాసాల్లో రాస్తుంటారు. ఆ నమ్మకానికి ఆధారం ఒక చిన్న సర్వే. దాని బలం మీద పరిశోధకులకు తీవ్రమైన సందేహాలున్నాయి. కథ బాగుంది కనుక బతికింది.

చట్టం ఎంతవరకు?

ఫిలడెల్ఫియా చర్చ మర్నాడే ట్రంప్, ఏబీసీ లైసెన్సు రద్దు చేయాలన్నారు. అమెరికాలో జాతీయ నెట్‌వర్క్‌కు లైసెన్సు ఉండదు. ఊళ్లలోని ప్రసార కేంద్రాలకు విడివిడిగా ఉంటుంది. అందుకే ఒక సంస్థ ఫిలడెల్ఫియాలోని ఏబీసీ కేంద్రం డబ్ల్యూపీవీఐ మీద ఫిర్యాదు చేసింది. 2025 జనవరిలో పదవి దిగిపోయే ముందు ఎఫ్‌సీసీ అధ్యక్షురాలు జెసికా రోసెన్‌వార్సెల్ దాన్ని కొట్టివేశారు. కొత్తగా వచ్చిన బ్రెండన్ కార్ కొద్ది రోజులకే తిరిగి తెరిచారు. ఒక ఫిర్యాదు భవితవ్యం ప్రభుత్వం మారడంతోనే తలకిందులైందంటే, న్యాయాన్ని తూచే చోట కూడా రాజకీయ తూకమే ఉందన్న అనుమానం రాక తప్పదు.

వార్తను ఉద్దేశపూర్వకంగా వక్రీకరించినట్టు బలమైన ఆధారం ఉంటేనే జోక్యం చేసుకోవడం ఎఫ్‌సీసీ పాటిస్తూ వచ్చిన పద్ధతి. సంపాదకుల విచక్షణ మీద అభ్యంతరం ఒక్కటే చాలదు. ఒకప్పుడు 1949 నుంచి అమల్లో ఉన్న ‘ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్’ వివాదాస్పద ప్రజా సమస్యలను చర్చించాలని, భిన్న అభిప్రాయాలకు చోటివ్వాలని ప్రసార కేంద్రాలను ఆదేశించేది. 1969లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 1987లో ఎఫ్‌సీసీయే ఎత్తివేసింది. అది ఉంటే ఈ గొడవే ఉండేది కాదని అనేవారు ఒక సంగతి మరిచిపోతారు: అది గాలి తరంగాలు వాడే కేంద్రాలకే వర్తించేది. కేబుల్ చానళ్లు, పత్రికలు, ఇంటర్నెట్ దాని పరిధిలోకి రావు. సమాన నిమిషాలు కూడా అది కోరలేదు.

బ్రిటన్, ఫ్రాన్స్ దారులు

బ్రిటన్‌లో నిష్పాక్షికత ప్రసారకర్తల చట్టబద్ధ బాధ్యత. 2010లో తొలిసారి ప్రధాని అభ్యర్థుల టీవీ చర్చలు జరిగినప్పుడు పార్టీలు, చానళ్లు కలిసి 76 నియమాలు రాసుకున్నాయి. ప్రేక్షకులు ఎప్పుడు చప్పట్లు కొట్టాలన్నది కూడా అందులో భాగమే. 2019 నవంబరులో వాతావరణ మార్పుపై చానల్ 4 నిర్వహించిన చర్చకు అప్పటి ప్రధాని, కన్సర్వేటివ్ నేత బోరిస్ జాన్సన్ రాకపోతే, ఆయన నిలబడాల్సిన చోట కరిగిపోతున్న మంచు శిల్పాన్ని పెట్టారు. కన్సర్వేటివ్ పార్టీ ఫిర్యాదును నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ వారం తిరగకుండానే విచారించి తోసిపుచ్చింది. తీర్పు నచ్చినా నచ్చకపోయినా, ఎన్నికలకు ముందే వచ్చింది.

ఫ్రాన్స్ గడియారాన్ని నమ్ముకుంది. తుది పోరులోని ఇద్దరు అభ్యర్థులు మాట్లాడిన సమయం తెరపైనే కనిపిస్తుంది. సంధానకర్తల పని ప్రధానంగా ఆ రెండు అంకెలను దగ్గరగా ఉంచడం. 1981లో సోషలిస్టు అభ్యర్థి మిత్తెరాన్ పక్షం చర్చకు ఒప్పుకునే ముందు పెట్టిన షరతుల్లో, ఒకరు మాట్లాడుతుండగా రెండో వారి ముఖం చూపరాదన్నది ఒకటి. కెమెరా కూడా వ్యాఖ్యానిస్తుందని వారు ముందే పసిగట్టారు. ఈ పద్ధతిలో సంధానకర్తపై నిందలు తక్కువ. అబద్ధాలను ఎదుర్కొనే భారమంతా ఎదుటి అభ్యర్థిదే.

మన దగ్గర: చర్చలు ఎక్కువ, ముఖాముఖి లేదు

భారత్‌లో ప్రధాని అభ్యర్థుల టీవీ చర్చ ఇంతవరకు జరగలేదు. 2024 మేలో విశ్రాంత న్యాయమూర్తులు మదన్ లోకూర్, ఏ.పి.షా, సీనియర్ పాత్రికేయుడు ఎన్.రామ్ కలిసి నరేంద్ర మోదీని, రాహుల్ గాంధీని బహిరంగ చర్చకు పిలిచారు. రాహుల్ సరేనన్నారు. చర్చ మాత్రం జరగలేదు. ఎక్కువ బలం ఉన్నవారికి చర్చ వల్ల పోయేదే తప్ప వచ్చేది తక్కువ, రానందుకు శిక్షా లేదు.

మన వద్ద చట్టం సమాన వాటా మార్గాన్ని మరో రూపంలో పట్టుకుంది. ఎన్నికల వేళ గుర్తింపు పొందిన పార్టీలకు దూరదర్శన్, ఆకాశవాణిలలో ఉచిత ప్రసార సమయం కేటాయిస్తారు. అందరికీ కొంత కనీస సమయం, పైన గత ఎన్నికల్లో వచ్చిన ఓట్లను బట్టి అదనపు వాటా. అయితే ప్రసంగ పాఠాన్ని ముందే సమర్పించాలి. 2024లో సీతారాం ఏచూరి ప్రసంగం నుంచి ‘మతతత్వ నిరంకుశ పాలన’ అన్న అర్థమిచ్చే మాటలను, ఫార్వర్డ్ బ్లాక్ నేత జి.దేవరాజన్ పాఠం నుంచి ‘ముస్లింలు’ అన్న పదాన్ని తొలగించమని ప్రసార భారతి చెప్పింది. మార్గదర్శకాలు అందరికీ ఒకటేనన్నది అధికారుల వివరణ. నిమిషాలు సమానంగా పంచినా మాటల మీద కత్తెర ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ప్రైవేటు చానళ్లలో రోజూ సాయంత్రం జరిగేది నాయకుల మధ్య చర్చ కాదు, అధికార ప్రతినిధుల మధ్య వాగ్వాదం. ఇక్కడ పక్షపాతం కనిపెట్టాలంటే కూర్చోబెట్టిన వరుస చూడాలి. ఒక వాదానికి ముగ్గురు, రెండో వాదానికి ఒక్కరు. పార్టీ పేరు లేకుండా ‘విశ్లేషకుడు’ అన్న హోదాతో వచ్చేవారి మొగ్గు ఎటో నిత్య వీక్షకులకు మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. అడుగున నడిచే అక్షరాల పట్టీ, ప్రశ్నార్థకం తగిలించి పెట్టే ఆరోపణ, ఒకరి జవాబు మధ్యలో వచ్చే ప్రకటన విరామం, ఇవన్నీ ఆ కోవలోవే. 2023 సెప్టెంబరులో ‘ఇండియా’ కూటమి 14 మంది యాంకర్ల కార్యక్రమాలకు తమ ప్రతినిధులను పంపబోమని జాబితా ప్రకటించింది. చానళ్ల సంఘం దాన్ని పత్రికా స్వేచ్ఛకు ముప్పు అంది. బహిష్కరణ ఫలితంగా ఆ బల్ల దగ్గర ప్రతిపక్ష వాదన మరింత పలచబడింది.

తెలుగు రాష్ట్రాల్లో మాధ్యమ సంస్థల రాజకీయ మూలాలు దాపరికం కాదు. సాక్షిని స్థాపించింది వై.ఎస్.జగన్‌మోహన్ రెడ్డి. టీ న్యూస్‌కు, నేటి భారత రాష్ట్ర సమితికి ఉన్న అనుబంధం తెలిసిందే. 1980ల తొలినాళ్లలో తెలుగుదేశం ఎదుగుదలకు ఈనాడు ఇచ్చిన తోడ్పాటు రాజకీయ చరిత్రలో భాగం. దీనివల్ల ఒక వింత మేలు ఉంది: ఏ చానల్ ఎటు లాగుతుందో తెలిసే వీక్షకుడు చూస్తాడు. నష్టం కూడా అందులోనే ఉంది. రెండు పక్షాలనూ ఒకే ప్రమాణంతో ప్రశ్నించే వేదిక అవసరమే ఎవరికీ అనిపించదు. ప్రత్యర్థి పక్షపు చానల్‌కు నాయకుడు ఇంటర్వ్యూ ఇవ్వడమే వార్త అవుతుంది. 2014 జూన్‌లో తెలంగాణలో రెండు వార్తా చానళ్ల ప్రసారాలను కేబుల్ ఆపరేటర్లు నిలిపివేసినప్పుడు, నచ్చని ప్రసారంపై నిర్ణయం కేబుల్ తీగ దగ్గర కూడా జరగగలదని తేలింది.

ఇకపై జరిగే అవకాశమున్నది

అమెరికాలో రిపబ్లికన్ జాతీయ కమిటీ 2022లోనే అధ్యక్ష చర్చల కమిషన్ నుంచి వైదొలగింది. 2024 మేలో బైడెన్, ట్రంప్ ఇద్దరూ కమిషన్‌ను పక్కకు నెట్టి నేరుగా చానళ్లతో ఒప్పందం కుదుర్చుకున్నారు. దీంతో చర్చ నిర్వహణ పోటీ బేరంగా మారింది. కోట్ల మంది చూసే కార్యక్రమం ఏ చానల్‌కైనా ఆదాయం, పరపతి రెండూ తెస్తుంది. కఠినమైన దిద్దుబాటు విధానం పెట్టుకున్న చానల్‌ను ఒక పక్షం ముందే తిరస్కరించవచ్చు, మెతకగా ఉంటామన్న మరో చానల్ ఆ అవకాశం తన్నుకుపోవచ్చు. ఏబీసీ అనుభవం తర్వాత, ఫిర్యాదు తిరిగి తెరుచుకున్న తర్వాత, 2028 చర్చల కోసం పోటీపడే చానళ్ల న్యాయవాదులు సంపాదకుల కంటే ముందు ఆ ఒప్పంద పత్రాన్ని చదువుతారు.

అందుకే ఎక్కువ అవకాశమున్నది సీబీఎస్ తరహా ఏర్పాటుకే. వేదిక మీద మౌనం, తెర మూలన ఒక కోడ్, దిద్దుబాట్లు వెబ్‌సైట్‌లో. ఫిర్యాదులకు తావు తగ్గుతుంది కనుక చానళ్లకు అది భద్రమైన దారి. ఆ కోడ్‌ను ఫోనుతో పట్టి చదివేది మాత్రం ఎక్కువగా అప్పటికే అనుమానం ఉన్నవారే.